ట్రాన్స్‌జెండర్ల కోసం క్యాంపు పెడదామనుకుంటున్న గాజువాక మిత్రులకి

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. గాజువాక వైపు ఒక కాలనీ సంఘం వాళ్లు అడిగారు. ఇరవై మంది ఉన్నారట, నెలకి తలా వెయ్యి వేసుకోగలరట. "మా జంక్షన్‌లో, రైళ్లలో రోజూ ట్రాన్స్‌జెండర్లని చూస్తుంటాం. పది రూపాయలిచ్చి పంపించెయ్యడం కాకుండా వాళ్ల ఆరోగ్యం, మనశ్శాంతి బాగుపడేలా ఏదైనా చెయ్యాలని ఉంది. మొదట ఉచిత వైద్య శిబిరం, దుప్పట్ల పంపిణీ, తర్వాత కౌన్సెలింగ్‌తో ఒక వెల్‌నెస్ సెంటర్ అనుకున్నాం. ఎలా మొదలుపెట్టాలి, మొదటి ఆదివారం ఏం చెయ్యాలి?" ఇదీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. శిబిరం మానేయండి. దుప్పట్లు అసలే వద్దు, మన విశాఖలో దుప్పటి కప్పుకునేంత చలి ఏడాదికి ఎన్ని రాత్రులుంటుందో మీకూ తెలుసు. ఆ ఇరవై వేలూ పెట్టి మావాళ్లలోనే ఇద్దరికి, ఆసుపత్రికీ ఆఫీసులకీ తోడు వెళ్లే పని అప్పగించి, ఆ పనికి డబ్బులివ్వండి. ఆ ఇద్దరూ ఎవరన్నది మమ్మల్ని తేల్చుకోనివ్వండి. సెంటర్ సంగతి ఏడాది తర్వాత, మావాళ్లే అడిగితే చూద్దాం.

నేనెవరినని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ట్రాన్స్ మహిళని, అంటే మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతున్నదాన్ని. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుంచి పదిహేడేళ్లకి విశాఖ వచ్చి పడ్డాను. దుకాణాల దగ్గర చెయ్యి చాపాను, దువ్వాడ నుంచి పలాస దాకా రైళ్లెక్కాను. తర్వాత హెచ్‌ఐవీ ప్రాజెక్టులో మావాళ్లకే జాగ్రత్తలు చెప్పే పీర్ ఎడ్యుకేటర్‌గా చేరి, ఔట్‌రీచ్ వర్కర్‌నయ్యి, చాలా ఏళ్లు ఆ పనే చేశాను. ఇప్పుడు కంచరపాలెం దగ్గర ఒక అద్దె గదిలో వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటాం. బోర్డు లేదు. పెట్టకూడదనే పెట్టలేదు.

శిబిరం ఎందుకు వద్దంటున్నానో మా అనుభవమే చెబుతాను. పదేళ్ల పైమాటే. ఒక సంస్థ వాళ్లు మంచి మనసుతోనే పెట్టారు. ఆదివారం పొద్దున్న పది గంటలకి, ఒక స్కూల్లో. గేటుకి బ్యానర్: "హిజ్రాలకు ఉచిత ఎయిడ్స్ పరీక్షా శిబిరం". సొంత వీధిలో ఆ బ్యానర్ కింద నుంచి లోపలికి ఎవరు నడుస్తారండీ? పైగా రాత్రి పని చేసేవాళ్లు తెల్లారుజామున నాలుగుకి పడుకుంటారు, పదింటికి వాళ్లకి అర్ధరాత్రి. రెండొందల మంది వస్తారని పులిహోర చేయించారు. వచ్చింది తొమ్మిది మంది, అందులో ఆరుగురం ప్రాజెక్టు స్టాఫే. బీపీ చూశారు, బలం బిళ్లలిచ్చారు, ఫొటో తీశారు. ఆ ఫొటో పేపర్లో పడింది. అందులో ఉన్న ఒక పిల్ల ఇంట్లో ఇంకా ప్యాంటూ చొక్కాతోనే తిరుగుతోంది. వాళ్ల నాన్న చూశాడు. తర్వాత ఏడాది పాటు ఆ పిల్ల మా నీడకి కూడా రాలేదు.

పరీక్షలు అక్కర్లేదని అనడం లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (ఎన్‌ఏసీఓ) 2021 సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో హెచ్‌ఐవీ 3.78 శాతం ఉంది. దేశంలో పెద్దవాళ్లందర్నీ కలిపి చూస్తే అది 0.2 శాతం దగ్గర. కాబట్టి పరీక్ష కావాలి, మందులూ కావాలి, అవి హెచ్‌ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితంగానే దొరుకుతున్నాయి. కానీ ఏళ్ల తరబడి మమ్మల్ని చూసిన ప్రతి డాక్టరూ, ప్రతి ప్రాజెక్టూ నడుం కిందే చూసింది. మా పెద్దవాళ్లలో నేను పాడె వెనక నడిచినవాళ్లు ఎక్కువమంది పోయింది షుగరుతో, లివరుతో, కిడ్నీలతో. ఒకావిడకి పళ్లన్నీ పుచ్చిపోయి అన్నం నమల్లేక చిక్కి సగమైతే, ఆవిడ రక్తం మూడుసార్లు తీశారు గానీ నోరు తెరిచి చూసినవాడు లేడు.

ఇక తోడు వెళ్లడం గురించి. చిన్న పనిలా కనిపిస్తుంది, అందుకే దీనికి ఎవరూ డబ్బు ఇవ్వరు.

పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర మొదలవుతుంది. రెండు లైన్లు, ఆడా మగా. ఆడవాళ్ల లైన్లో నిలబడితే వాళ్లు జరుగుతారు, మగవాళ్ల లైన్లో నిలబడితే వాళ్లు దగ్గరికి జరుగుతారు. చీటీ మీద ఆధార్‌లో ఉన్న పాత పేరు రాస్తారు. గంటన్నర తర్వాత ఆ పేరు మైకులో పిలుస్తారు. చీర కట్టుకున్న మనిషి లేవగానే హాలంతా తిరిగి చూస్తుంది. చాలామంది అక్కడే, పేరు వినపడగానే, లేచి బయటికి వెళ్లిపోతారు. జబ్బు ముదిరాక తిరిగొస్తారు, లేదా రానే రారు. డాక్టర్ దాకా వెళ్లకుండానే పోయిన కేసులు నాకు తెలిసి డాక్టర్ తప్పుచేసిన కేసుల కన్నా ఎక్కువ.

తోడు వెళ్లినావిడ చేసేది ఇంతే: పొద్దున్నే వెళ్లి చీటీ తను రాయిస్తుంది. "మేడమ్, ఈ పేరుతో పిలవండి" అని నర్సుకి ముందే చెబుతుంది. తలుపు దగ్గర నిలబడుతుంది. డాక్టర్ చెప్పినవి గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకంటే భయంలో ఉన్నవాళ్లకి సగం మాటలు చెవికెక్కవు. అన్నిటికన్నా ముఖ్యం, రెండోసారి తీసుకెళ్తుంది. మొదటిసారి ఎవరైనా తంటాలు పడి వెళ్తారు. రిపోర్టులు చూపించడానికి, మందు పనిచేసిందో లేదో చెప్పడానికి వెళ్లే రెండోసారే మావాళ్లలో జారిపోయేది. ఏ డాక్టర్ ఏ వారం కూర్చుంటారు, ఎవరు మర్యాదగా మాట్లాడతారు, ల్యాబ్‌లో ఎవరు విసుక్కోరు, ఇవన్నీ రెండేళ్లు తిరిగిన మనిషి బుర్రలో ఉంటాయి.

ఒక కేసు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న అమ్మాయిని రాత్రి పదకొండింటికి చేర్చాం. మగవాళ్ల వార్డులో పడేశారు. ఆ రాత్రి వాదించి లాభం లేదు, డ్యూటీలో ఉన్నవాళ్లకి అధికారం లేదు. మా తోడు మనిషి ఆ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లారాక హెడ్ సిస్టర్ వచ్చినప్పుడు ఆవిణ్ణి పక్కకి పిలిచి నెమ్మదిగా మాట్లాడింది. మధ్యాహ్నానికి వార్డు చివర స్క్రీన్ ఉన్న మంచం దొరికింది. ఇదే విషయం మీద మేం అంతకుముందు ఇచ్చిన అర్జీ ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. అర్జీలూ పెట్టాలి, కాదనను. కానీ ఆ రాత్రికి చాపే పనికొచ్చింది.

డబ్బు ఎందుకివ్వాలి, సేవ కదా అంటారు. ఆసుపత్రికి వెళ్లిన రోజు ఆమె దుకాణాలకి వెళ్లదు, ఆ పూట సంపాదన పోతుంది. మార్గశిర మాసం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర జనం పోటెత్తుతారు. ఆ రోజు ఆమెని ఉచితంగా ఓపీ లైన్లో నిలబడమంటే మనస్ఫూర్తిగా ఎవరు నిలబడతారు? మేం రోజుకి ఐదొందలు, ఆటో ఖర్చులు విడిగా ఇస్తున్నాం. వారానికి ఇద్దరికీ కలిపి నాలుగైదు రోజులు పని పడుతుంది. మీ ఇరవై వేలల్లో దీనికి, ఆటోలు కాకుండా, పది వేల దాకా పోతుంది. మిగిలింది ల్యాబ్ పరీక్షలకి, గది అద్దెకి, కొంచెం అత్యవసరానికి దాచండి. లెక్క పుస్తకం మా గదిలోనే, గోడకి మేకుకి తగిలించి ఉంటుంది. ఎవరైనా తిప్పి చూడొచ్చు. ఆ పుస్తకం వల్ల గొడవలు ఆగాయని చెప్పను, గొడవలు పుస్తకం గురించి జరుగుతున్నాయి, అది నయం.

శరీరం మార్చుకోవడం గురించి మీలాంటివాళ్లు అడగడానికి మొహమాటపడతారు, కానీ ఆరోగ్యమంటే మాకు సగం అదే. పదహారు, పద్దెనిమిదేళ్లకే పిల్లలు మెడికల్ షాపుకెళ్లి గర్భనిరోధక మాత్రలు కొనేసి రోజుకి నాలుగూ ఆరూ మింగేస్తారు. రొమ్ము వస్తుందని, గడ్డం తగ్గుతుందని. ఎవరో అక్క చెప్పింది, ఆ అక్కకి ఇంకో అక్క. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండేది ఇథినైల్ ఎస్ట్రడియోల్ అనే హార్మోన్. ఎక్కువ వేసుకుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, సిగరెట్ అలవాటుంటే ఇంకా. ట్రాన్స్ మహిళలకి హార్మోన్ చికిత్స చేసే డాక్టర్లు దాన్ని ఇప్పుడు వాడరు, వేరే రకం ఎస్ట్రడియోల్ రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు.

మా దగ్గరికొచ్చే ఒకమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయి, కుడి పిక్క వాచి నొప్పిగా ఉంటే, బీచ్‌లో ఇసక మీద తిరిగి బెణికిందనుకుంది. కాలు ఒకటే వాచింది, రెండోది మామూలుగా ఉంది. ఆ తేడా చూసి మా తోడు మనిషి అప్పటికప్పుడు ఆటో ఎక్కించింది. స్కాన్‌లో రక్తపు గడ్డ కనిపించింది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనిషి దక్కదని డాక్టర్ చెప్పాడు. ఆ పిల్లకి వచ్చిన మొదటి అనుమానం ఏంటో తెలుసా, "మాత్రలు ఆపెయ్యమంటారేమో, అందుకే చెప్పలేదక్కా" అంది.

అందుకని మేం ఆపెయ్యమని చెప్పం. చెప్పినా దాచి మింగుతారు. "ఏం వేసుకుంటున్నావో చీటీ మీద రాసి ఇయ్యి, తిట్టను" అంటాం. ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తాం. పరీక్షల డబ్బు సగం మేం, సగం ఆమె. పొటాషియం, లివర్ పరీక్షలు ఎందుకో విడమరిచి చెబుతాం. ఇది చదివేవాళ్లలో మావాళ్లుంటే, దయచేసి నా మాటలు బట్టి మోతాదులు లెక్కేసుకోకండి, మనిషి మనిషికీ మారుతుంది. ఈ మాత్రల గురించి మెడికల్ షాపులాయనతో మాట్లాడడం మాత్రం మీ కాలనీవాళ్లు చెయ్యగల పని. మేం చెబితే బేరం ఆడుతున్నామనుకుంటాడు, మీరు చెబితే వింటాడు.

నిర్వాణం, అంటే మగ అవయవం తీసేసే ఆపరేషన్, దాని మాట కూడా చెప్పాలి. పాతరోజుల్లో మాలోనే ఆ పని చేసే దాయమ్మల చేతుల్లో, తర్వాత ఊరి చివర పేరులేని క్లినిక్కుల్లో చేయించుకున్నవాళ్లు మాలో బోలెడుమంది. నలభయ్యో రోజు జల్సా (వేడుక), మా కులదేవత లాంటి బహుచర మాత పూజ, పసుపు, పాలు, అన్నీ ఘనంగా జరుగుతాయి. ఏడాది తర్వాత మూత్రం దారి ముడుచుకుపోయి, గంటకోసారి చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ ఎవరికీ చెప్పకుండా బతుకుతారు. మావాళ్లు రైల్లో నీళ్లు తాగకపోవడానికి కారణాల్లో అదొకటి. ఇలాంటివి సరిచేయించుకోవడానికీ, సర్జరీకీ 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అనే ఆరోగ్య బీమా కోసం కేంద్రంలోని సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి, మనిషికి ఏడాదికి ఐదు లక్షల దాకా. కాగితం మీద బంగారం. చేతికి రావాలంటే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ ఉండాలి.

ఆ సర్టిఫికెట్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మావాళ్ల మనశ్శాంతి సగం కాగితాల్లోనే చిక్కుకుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో మమ్మల్ని గుర్తించింది. 2019లో చట్టం వచ్చింది, 2020లో నియమాలు, అదే ఏడాది నవంబర్‌లో జాతీయ పోర్టల్. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి, జిల్లా కలెక్టర్ ఇస్తారు. వింటే సులువు. చట్టం, నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేరోజున పోర్టల్‌లో అప్పుడు ఏం అడుగుతున్నారో చూసుకోవాలి, నిరుటి అనుభవం పట్టుకుని వెళ్లకూడదు. మా అసలు చిక్కు అది కాదు. చాలామందికి ఆధార్ కార్డే లేదు. ఉన్నా ఊళ్లో ఉంది. పదో తరగతి మెమో, పుట్టినతేదీ కాగితం అన్నీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఇంట్లోంచి వెళ్లగొట్టేటప్పుడు మెమో ఇచ్చి పంపించరు కదా.

ఒకమ్మాయితో నేనే వెళ్లాను, పలాస దాటి ఒక ఊరు. పదకొండేళ్ల తర్వాత ఆ పిల్ల గడప దగ్గరికి వెళ్లడం. తండ్రి బయటికి రాలేదు. తల్లి పెరటి కిటికీలోంచి మెమో, రేషన్ కార్డు జిరాక్సు ఇచ్చింది. వాటితో పాటు పాలిథిన్ సంచిలో జీడిపప్పు. "నానేటి సేత్తానమ్మా, మీ నాన్న సూత్తే..." అని ఏడ్చింది. తిరుగు రైల్లో ఆ పిల్ల ఆ జీడిపప్పు సంచి మూతి విప్పలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆరు వారాల తర్వాత ఆధార్‌లో పేరు మారింది. బ్యాంకు ఖాతా వచ్చింది. ఆ తర్వాతే వార్డు సచివాలయంలో పింఛనుకి పెట్టాం. ఎన్‌టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకి 2024 జూలై నుంచి నెలకి 4,000. దానితో మొత్తం ఇల్లు గడవదు గానీ, ఒంట్లో బాగాలేని వారం రైలెక్కకుండా ఉండొచ్చు.

ఇప్పుడు ఒక చేదు సంగతి. "మీవాళ్లే నడుపుకోవాలి" అంటే మీకు కనిపించేది మా పెద్ద గురువు. ఆవిణ్ణి కలిసి డబ్బు చేతిలో పెడితే అయిపోయిందనుకుంటారు. కాదండీ. గురువు, ఆమె కింద చేరిన చేలాలు (శిష్యులు) ఒక ఇల్లుగా బతికే ఈ గురు చేలా వ్యవస్థ మా ప్రాణం నిలబెట్టింది, నిజం. పదిహేడేళ్లకి నాకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది నా గురువే, నన్ను కన్నతల్లి కాదు. కానీ అదే వ్యవస్థలో సంపాదనలో వాటా ఉంటుంది, తప్పు చేస్తే జరిమానా ఉంటుంది, వేరే గురువు ఇంటికి మారాలంటే అప్పు తీర్చాలి. గురువు మీద ఫిర్యాదు ఉన్న చేలా, గురువు నడిపే గదికి వస్తుందా? మేం ఈ తప్పు చేశాం. మొదటి రెండేళ్లు మా కమిటీలో ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. మిగతా ఇళ్లవాళ్లు గడప తొక్కలేదు. తర్వాత పద్ధతి మార్చాం: కమిటీలో ఒక్కో ఇంటి నుంచి ఒక్కరే, ఏ ఇంటికీ చెందనివాళ్లు ఇద్దరు, ఏడాదికోసారి మార్పు. గురువులకి గౌరవం ఇస్తాం, పండగకి చీర పెడతాం, తాళం మాత్రం ఇవ్వం. దీనికి మా గురువు నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

ఏ ఇంటికీ చెందనివాళ్లు అన్నాను కదా, వాళ్లలో ముఖ్యులు ట్రాన్స్ అబ్బాయిలు. ఆడపిల్లగా పుట్టి అబ్బాయిగా బతికేవాళ్లు. వాళ్లు రైళ్లలో కనిపించరు, జంక్షన్‌లో కనిపించరు, కాబట్టి లేరనుకుంటారు. ఇంట్లోనే ఉంటారు, ఎక్కువమందికి సంబంధాలు చూస్తూ ఉంటారు. మా గదికి మొదటిసారి ఒకబ్బాయి వస్తే, మాలో ఒకావిడ ఆప్యాయంగానే "రామ్మా, కూర్చో తల్లీ" అనేసింది. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. నాలుగు నెలల దాకా రాలేదు. అది మా తప్పే. ఇప్పుడు వాళ్లకి వేరే రోజు, వేరే చోటు. మద్దిలపాలెం వైపు ఒక టీ కొట్టు మేడ మీద వాళ్లే కలుసుకుంటారు, నేను పిలిస్తేనే వెళ్తాను. ఛాతీకి బిగించుకునే బైండర్ మన ఉక్కపోతలో పొద్దున్నుంచి రాత్రి దాకా వేసుకుంటే ఒళ్లు పుండవుతుంది, ఊపిరి ఆడదు. ఎనిమిది గంటలు దాటకుండా చూసుకోవాలి, రాత్రి విప్పి పడుకోవాలి. ఈ మాట చెప్పేవాళ్లు లేక ఎలాస్టిక్ కట్టు చుట్టుకుని తిరిగిన పిల్లాణ్ణి చూశాను. నెలసరి రోజుల్లో హాస్టల్ బాత్రూమ్ గురించి వాళ్లు చెప్పే మాటలు మీ శిబిరంలో ఏ డాక్టరుకీ చెప్పరు.

మనసు సంగతి. మీరు "కౌన్సెలింగ్" అని రాశారు. 14416 టెలీ మానస్ ఉంది, 2022 అక్టోబర్ నుంచి, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ. ఆ నంబర్ మా గది గోడ మీద పెద్దక్షరాలతో రాశాం. కానీ రాత్రి రెండింటికి, ప్రేమించినవాడు పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన రోజున, మందు తాగి ఒంటరిగా ఉన్న మనిషి మొదట తెలిసిన గొంతుకే ఫోన్ చేస్తుంది. అందుకని నలుగురం వంతులు వేసుకున్నాం. ఒక్కో వారం ఒకరి దగ్గర ఆ ఫోను, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు. నియమాలు రెండే. ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ప్రాణం మీదికొస్తే డాక్టరుకి చెబుతాం. వారం ఫోను మోసినావిడకి తర్వాత వారం పూర్తి సెలవు. ఇది పెట్టకముందు అన్నీ నేనే ఎత్తేదాన్ని. ఫోను మోగితే గుండె దడ వచ్చేది, ఒకసారి కావాలనే ఎత్తలేదు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ఈ జవాబు రాసేదాన్ని కాదు.

తల్లిదండ్రులు వచ్చి "మార్చే డాక్టర్ ఉన్నాడా" అని అడుగుతారు. భూతవైద్యుడి దగ్గరికి తిప్పి, తాయెత్తులు కట్టించి, చివరికి మా దగ్గరికొస్తారు. ట్రాన్స్‌జెండర్‌గా ఉండడం మానసిక రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే తన జబ్బుల జాబితాలో మానసిక రోగాల నుంచి తీసేసింది. మార్చేస్తానని వైద్యం చెయ్యడం వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఈ మాటలు నేను చెబితే వాళ్లకి ఎక్కదు. ఇంకో తల్లి చెబితే ఎక్కుతుంది. గోపాలపట్నం నుంచి ఒకావిడ వస్తారు, వాళ్లమ్మాయిని మూడేళ్ల తర్వాత ఇంటికి తెచ్చుకున్నారు. ఆవిడ మా జీతం లేని పెద్ద కౌన్సెలర్. మీ కాలనీలో అలాంటి తల్లి ఒకరుంటే (ఇరవై ఇళ్లలో ఎక్కడో ఉండొచ్చు, చెప్పుకోరంతే) ఆవిడ మీ ఇరవై వేల కన్నా విలువైనది.

జాగ్రత్త ఒకటి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లని జాలిపడి గదిలో ఉంచుకోకండి, మేమూ ఉంచుకోం. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో, కోర్టు ఉత్తర్వు లేకుండా పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చెయ్యకూడదని 2019 చట్టంలోనే ఉంది. కేసు మా మెడకే చుట్టుకుంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, పిల్లతో మాట్లాడుతూనే ఉండాలి. ఆ ఇల్లే ఆ పిల్లని కొడుతున్నప్పుడు ఈ నియమం ఎంత అన్యాయమో నాకు తెలుసు. ఐనా ఇంతే చెబుతాను.

వెల్‌నెస్ సెంటర్ ఎందుకు ఆగమంటున్నానో హైదరాబాద్ సంగతి చూస్తే తెలుస్తుంది. 2021లో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. డాక్టరు దగ్గర్నుంచి ట్రాన్స్‌జెండర్లే నడిపిన క్లినిక్. మావాళ్లు ఇక్కణ్ణుంచి రాత్రి రైలెక్కి వెళ్లి చూపించుకుని వచ్చేవాళ్లు, అక్కడ పాత పేరుతో పిలిచేవాళ్లు లేరని. దాని డబ్బు అమెరికా సాయం. 2025 మొదట్లో ఆ దేశం సాయం ఆపేసింది, క్లినిక్ మూతపడింది. పనిలో లోపం ఏమీ లేదు, ఎక్కడో ఎవరో సంతకం పెట్టారంతే. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో వేరే పేరుతో మళ్లీ తెరుచుకుంది, అదృష్టం. మా పాత ప్రాజెక్టులూ అంతే, మార్చి నెల వచ్చిందంటే వచ్చే ఏడాది ఉంటుందా లేదా అని గుండెలు అరచేతిలో పెట్టుకునేవాళ్లం. అందుకే పెద్ద గది, ఏసీ, రిసెప్షన్ వద్దంటున్నా. మీ సంఘం రేపు విడిపోయినా ఆగిపోనంత చిన్నగా ఉండాలి. తలా వెయ్యి ఇరవై మంది ఏడాదిచ్చి మానెయ్యడం కన్నా, తలా మూడొందలు ఐదేళ్లు ఇవ్వగలరేమో ముందు మీలో మీరు తేల్చుకోండి.

డబ్బు కాకుండా మీరు మాత్రమే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇల్లు. మాకు అద్దెకివ్వరు, ఇచ్చినా నాలుగు వేల గదికి ఏడు వేలు అడుగుతారు, వీధి చివర కుళాయి లేని చోట. మీ ఇరవై ఇళ్లలో ఒక్క పోర్షన్ మామూలు అద్దెకి ఇప్పించండి, పూచీ ఉండండి. ఒకే ఒక్క ఇల్లు మంచిగా గడిస్తే ఆ వీధిలో రెండోది దానంతటదే వస్తుంది, ఆరిలోవలో మాకు అలాగే జరిగింది. ఇంకా పని. వంటమనిషి, దర్జీ, అపార్ట్‌మెంట్ ఆఫీసులో రిజిస్టర్ రాయడం, ఏదైనా సరే. మొదటి నెల నమ్మకం కుదరదు, జనం గుసగుసలాడతారు, మన పిల్ల కూడా ఒకరోజు ఎగ్గొడుతుంది. అప్పుడు తీసెయ్యకుండా ఇంకో నెల ఆగండి.

చివర్లో అడిగారు, మొదటి ఆదివారం ఏం చెయ్యమంటారని. ఆదివారం వద్దు, మంగళవారం సాయంత్రం ఆరు తర్వాత రండి. ఇరవై మంది కాదు, ఇద్దరు. అందులో ఒకరు ఆడవాళ్లైతే మంచిది. ఫోన్లు జేబులో ఉంచండి, ఫొటో మాట ఎత్తకండి. అసలు పేరేంటి, ఆపరేషన్ అయిందా, ఈ రెండూ అడగొద్దు. "కిందటిసారి ఒంట్లో బాగోనప్పుడు ఏం చేశారు?" అని అడిగి ఊరుకోండి. గంటన్నర పడుతుంది, సగం మాటలు మిమ్మల్ని ఆట పట్టించడానికే అంటారు, నవ్వెయ్యండి. మధ్యలో ఎవరో కిందికెళ్లి టీలు తెస్తారు. వాళ్లే డబ్బులిస్తామంటే ఇవ్వనివ్వండి.